గురువారం నాలుగింటికి

తలరాతనైనా నమ్మొచ్చు గాని ఆ సరుకుల దుకాణంలో డ్యూటీ బోర్డును నమ్మడానికి లేదు. తలరాత రాసినవాడు మళ్ళీ వచ్చి చెరిపిన దాఖలా ఎక్కడా లేదు. ఇక్కడ మేనేజరు ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చే వారం డ్యూటీలన్నీ పెద్ద కాగితం మీద పెన్సిలుతో రాసి గోదాము తలుపుకి అంటిస్తాడు. సోమవారానికల్లా అందులో సగం మారిపోయి ఉంటుంది. చెవి మీద పెన్సిలు, దాని తోకకి రబ్బరు, మొహాన ఎప్పుడూ చెరగని చిరునవ్వు. అందుకే పనివాళ్ళు అతనికి రబ్బరు సారు అని పేరు పెట్టుకున్నారు. ఫోటో తీసుకున్నాం సార్ అని చూపిస్తే, ఫోటో శుక్రవారంది, బోర్డు ఇవాళ్టిది అంటాడు. పోనీ కోపంగా అంటాడా అంటే అదీ లేదు. ఒళ్ళు మండేది అందుకే.

మూడో కౌంటరులో బిల్లులు కొట్టే చిట్టికి ముప్ఫై నాలుగేళ్ళు. ఆ ముద్దుపేరు అక్క పెట్టింది. అక్క టాక్సీ ఆఫీసులో ఫోన్లెత్తేది. ఇరవై ఏళ్ళపాటు రోజంతా ఊరందరితో మాట్లాడి, ఇంటికొచ్చి మిగిలిన మాటలన్నీ చెల్లెలి మీద కుమ్మరించేది. కాస్త ఊపిరి పీల్చుకోవే అని చిట్టి బతిమాలిన రోజులున్నాయి. కిందటేడు పక్షవాతం వచ్చి ఆ నోరు పడిపోయింది. కాళ్ళూ చేతులూ మెల్లగా దారికొచ్చాయి, మాట మాత్రం రాలేదు. మిగిలింది ఒక్క ముక్క. మంచినీళ్ళకీ ‘అదే’, కిటికీ వెయ్యమనడానికీ ‘అదే’, ఏడుపొచ్చినా ‘అదే’.

అయిదు నెలలు ఎదురుచూస్తే ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గర గురువారం నాలుగింటికి చోటు దొరికింది. ఎనిమిది వారాల్లో ‘నీళ్ళు’ వచ్చింది, ‘వద్దు’ వచ్చింది. ఇప్పుడు ‘వెళ్దాం’ నేర్చుకోవాలి. రోజూ పొద్దున్నే చిట్టి తలుపు తీసి, అక్క కాళ్ళకి చెప్పులు తొడిగి, గడపలో నిలబెట్టి అనిపించేది. అక్క ‘వె’ దాకా వచ్చి ఆగిపోయేది. అలా ఆగినప్పుడు ఆమె కళ్ళలో కనిపించే అవమానాన్ని చిట్టి చూడలేకపోయేది. ఆస్పత్రిలో ఒక నియమం ఉంది. మూడుసార్లు రాకపోతే ఆ చోటు తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. రబ్బరు సారు పుణ్యమా అని రెండు గురువారాలు అప్పటికే పోయాయి.

మూడోది పోకూడదని చిట్టి అతని గదికి వెళ్ళి, సంగతంతా మొదటి నుంచీ చెప్పుకుంది. అతను ఓపిగ్గా విని, సొరుగులోంచి ఆమె చేరినప్పుడు నింపిన కాగితం తీశాడు. ఏ రోజు, ఏ వేళల్లో రాగలరో గుర్తు పెట్టమని అందులో గళ్ళుంటాయి. గళ్ళు వదిలేసినవాళ్ళకి డ్యూటీలు పడవని తెలిసి అందరూ అన్ని గళ్ళూ నింపుతారు. చిట్టీ నింపింది.

“ఇది నీ చేతిరాతే కదమ్మా. గురువారం కూడా గుర్తు పెట్టావు. నువ్వు ఇచ్చిన మాటే నేను బోర్డు మీద రాశాను.”

“అప్పుడు మా అక్క బాగుంది సార్.”

“మరి కాగితం మారలేదుగా.” కావాలంటే ఎవరితోనైనా డ్యూటీ మార్చుకోమని, పుస్తకంలో ఇద్దరూ సంతకాలు పెడితే తనకేం అభ్యంతరం లేదని అన్నాడు.

నాలుగో కౌంటరులో ఉండే కళ్ళజోడు పిన్ని అడగగానే ఒప్పుకుంది. గురువారం రెండు నుంచి ఆరు దాకా చిట్టికున్న డ్యూటీ పిన్ని చేస్తుంది, పిన్ని ఆదివారాలు రెండు చిట్టి చేస్తుంది. ఆ దుకాణంలో పార్ట్ టైము వాళ్ళు వారానికి ఇరవై నాలుగు గంటలు దాటకూడదు. దాటితే పూర్తి ఉద్యోగులుగా లెక్కగట్టి, సెలవులూ అవీ ఇవ్వాల్సొస్తుంది. అందుకని ఇద్దరూ శుక్రవారం ఫోటో ముందేసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టారు. పిన్నికి ఉన్నవి ఇరవై, ఈ నాలుగూ కలిపితే సరిగ్గా ఇరవై నాలుగు. సంతకాలు పెట్టారు. ఆ రాత్రి చిట్టి కంటినిండా నిద్రపోయింది, పాపం.

బుధవారం సాయంత్రం రబ్బరు సారు పిన్నిని ఇంకో గంట ఉండమన్నాడు. రద్దీగా ఉంది, కాదంటే నవ్వుతూనే వచ్చే వారం డ్యూటీలు కోసేస్తాడు, ఉండిపోయింది. ఆ గంట ఎక్కడ తేలుతుందో పిన్నికి తట్టలేదు. గురువారం రెండింటికి ఆమె వస్తే, ఇవాళ చేస్తే ఇరవై అయిదవుతుందని గుమ్మంలోంచే ఇంటికి పంపేశాడు.

చిట్టి అక్కకి జడ వేస్తుండగా ఫోను మోగింది. డ్యూటీ మార్పు చెల్లదని, అరగంటలో రాకపోతే వచ్చే వారం బోర్డు మీద పేరుండదని అవతల చిరునవ్వే వినిపించింది. ఇంటద్దె ఆ ఉద్యోగం మీదే, అక్క మందులూ దాని మీదే. దుకాణం ఎలాగూ ఆస్పత్రి దారిలోనే ఉంది. వెళ్ళి గంటసేపు చేసి, కాళ్ళావేళ్ళా పడైనా మూడున్నరకి బయటపడదామనుకుని అక్కని వెంటబెట్టుకుని వెళ్ళింది.

తోపుడు బుట్టలు పెట్టే చోట కుర్చీ వేసి అక్కని కూర్చోబెట్టింది. ఇస్త్రీ చీర, ఒళ్ళో ఆస్పత్రి కాగితాల సంచి. మూడున్నరకి చిట్టి లేవబోతే రబ్బరు సారు వచ్చి వరుస చూపించాడు. ఈ నలుగురినీ పంపించి వెళ్ళమ్మా అన్నాడు. నలుగురు వెళ్ళేసరికి ఆరుగురు చేరారు. అక్కని టాక్సీ ఎక్కించి పంపేద్దామా అని ఒక్క క్షణం అనుకుంది. ఎక్కడికని డ్రైవరు అడిగితే ‘అదే’ అంటుంది, ఇరవై ఏళ్ళు ఊరందరికీ టాక్సీలు పంపిన మనిషి. అంతా వదిలేసి లేచిపోదామా అని కూడా అనుకుంది. చేతులు మాత్రం సబ్బులూ నూనె సీసాలూ లాగి బిల్లు కొడుతూనే ఉన్నాయి. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

నాలుగైంది. అక్క లేచి కౌంటరు దాకా వచ్చి, గోడ గడియారం చూపించి, “అదే, అదే” అంది. వరుసలో ఎవరో నవ్వారు. చిట్టి తలెత్తలేదు. నాలుగుంబావుకి సందు దొరికి ఆస్పత్రికి ఫోను చేసింది. అక్కడి అమ్మాయి మంచిదే, బాధపడుతూనే చెప్పింది. చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. మళ్ళీ పేరు రాయించుకుంటే అయిదు నెలలు పడుతుంది, ఆరు కూడా కావచ్చు.

శుక్రవారం కొత్త బోర్డు పడింది. చిట్టి పేరుకెదురుగా గురువారం గడి ఖాళీగా ఉంది. కింద ‘ఇంటి ఇబ్బంది వల్ల నెలంతా గురువారాలు సెలవు’ అని రాసి ఉంది, అదీ పెన్నుతో. పనివాళ్ళంతా వింతగా చూశారు. రబ్బరు సారు పక్కకొచ్చి నిలబడి, ఇంట్లో కష్టముంటే తను మాత్రం మనిషిని కాదా అన్నాడు.

“థాంక్యూ సార్,” అంది చిట్టి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తర్వాత గోదాములో గుర్తొచ్చి, అట్టపెట్టెల వెనకాల కూర్చుని ఏడ్చింది.

తర్వాతి గురువారం ఆమె ఇంట్లోనే ఉంది. చోటు పోయిందని అక్కకి మూడుసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ అక్క తలూపింది. అయినా మూడయ్యేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని, కాగితాల సంచి చంకన పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా చెప్పులు తొడుక్కుని గడపలో నిలబడింది. పెదాలు బిగించింది, వదిలింది.

“వెళ్దాం,” అంది.

నత్తి లేదు, తడబాటు లేదు. ఒకప్పుడు ఫోనులో పలికినంత శుభ్రంగా పలికింది. పలికి, మెచ్చుకుంటుందేమోనని చెల్లెలి మొహంలోకి చూసింది.

చిట్టి చెప్పులేసుకుని, తలుపుకి తాళం వేసి, అక్క చెయ్యి పట్టుకుని బస్సులాగే చోటికి నడిపించి, అక్కడి బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఆస్పత్రి బస్సు వచ్చి ఆగింది. అక్క మళ్ళీ ఆ మాటే అంది. చిట్టి ఆమె చెయ్యి వదల్లేదు, బెంచీ మీంచి లేవనూ లేదు. డ్రైవరు ఎక్కుతారా అన్నట్టు కాసేపు చూసి తలుపులు వేసుకున్నాడు.