ఇంటి మనిషికి వేసిన డ్యూటీలు

వరద నీళ్లు ఆసుపత్రి మెట్లెక్కి మందుల గది దాకా వచ్చిన ఏడాది అది. నీళ్లు తీశాయి గాని నర్సులు నిలవలేదు. కొత్త ఆసుపత్రి తెరిచారని ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. మగవాళ్ల వార్డు ఇన్‌చార్జి నర్సుకు ఎవరు రాలేదో చూసుకోవడం, వాళ్ల చోట ఇంకొకరిని వెతకడం, ఇదే పనైంది.

ఎవరు రాకపోయినా అతను ముందు ఫోను చేసేది వదినకే. ఆమె అదే వార్డులో నర్సు. పరాయివాళ్లను అడగాలంటే నోరు పెగిలేది కాదు. పైగా సొంతవాళ్లకు మంచి డ్యూటీలు వేసుకున్నాడని నలుగురూ అంటారేమోనని ఆదివారాలూ, నైట్లూ ఆమెకే వేసేవాడు. అదే న్యాయమనుకున్నాడు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగుతూ వదిన అతని బల్ల మీద రాజీనామా కాగితం పెట్టింది.

“ఏంటిది వదినా?”

“కళ్లజోడు పెట్టుకుని చదవండి మరిదిగారూ.”

చదివాడు. “అక్కడ జీతం బాగా ఇస్తారా?”

“నాలుగు రాళ్లు ఎక్కువే. అందుకు కాదు. నాకు ఆదివారం ఎప్పుడిచ్చావో గుర్తుందా? మీ అన్న నన్ను చూసి, ఎవరండీ మీరు, ఎవరు కావాలి అంటున్నాడు. చిన్న సిస్టరుకి తలనొప్పంటే సెలవు. నా పిల్లకి జ్వరమొచ్చినా నాకు నైటే.”

“కాదంటే ఆ అమ్మాయి వెళ్లిపోతుంది.”

“నేనైతే ఎక్కడికీ పోననుకున్నావు.”

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇంకెవరికైనా వదిననై ఉంటే నాకూ సెలవు దొరికేది” అంది. గుమ్మంలో నేల తుడుస్తున్న ఆయా నవ్వాపుకోలేక బకెట్టు తీసుకుని అవతలికి పోయింది.

“ఏం చేస్తే ఉంటావు?”

“నన్నూ పరాయిదానిలా చూడు. చాలు.”

“మరి ఆ డ్యూటీలు ఎవరు చేస్తారు?”

“నన్నడుగుతావేం? నర్సులు లేకుండా మంచాలు నింపుతున్న ఆ పెద్ద డాక్టర్నడుగు. ఈ కాగితం రేపు పొద్దున ఆఫీసుకు పోతుంది.”

అతను నేరుగా పెద్ద డాక్టరు గదికి వెళ్లాడు. సంగతంతా విని ఆయన, “మీ ఇంటి మనిషేగా, నచ్చజెప్పవయ్యా” అన్నాడు.

ఇన్నాళ్లూ తను అనుకున్న మాటే ఇంకొకరి నోట వినేసరికి అతనికి ఒళ్లు మండింది.

“ఇంటి మనిషి నాకు సార్, ఆసుపత్రికి కాదు. కొత్త నర్సులు వచ్చేదాకా కిటికీ వైపు మంచాల వరస మూసేస్తాను.”

“కొత్తగా వచ్చే రోగులెక్కడికి పోవాలి?”

“పై అంతస్తులో మంచాలున్నాయి, చూసేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ మంచమిచ్చి, పిలిస్తే పలికే దిక్కు లేకపోతే ఏం లాభం?”

“నేను ఒప్పుకోను.”

“అయితే ఆ వరసకు నర్సును మీరే పంపండి సార్.”

పెద్ద డాక్టరు ఫైలు తిరగేస్తూ ఉండిపోయాడు. అవుననలేదు, కాదనలేదు.

మర్నాడు పొద్దున అతను అందరికంటే ముందు వచ్చాడు. కిటికీ వైపున్న ఇద్దరు రోగుల్నీ ఆయా సాయంతో తలుపు వైపుకు మార్చాడు. డ్యూటీ చార్టులో వచ్చే ఆదివారం వదిన పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. ఖాళీ మంచాల మీద పరుపులు చుడుతుంటే ఆమె వచ్చింది. వరసంతా చూసింది, చార్టు చూసింది.

“ఆ కాగితం ఇటివ్వు. ఆదివారం గడవనీ, చూద్దాం.”

జేబులోంచి తీసి ఇచ్చాడు. తర్వాత వంగి, ఇంకో పరుపు చుట్టి, తాడుతో గట్టిగా ముడి వేశాడు.