సారు చూడని ఎరుపు

“రంగు మారిందో లేదో చూడ్డానికి కూడా ఒక ఉద్యోగమా? మా అమ్మ టీ రంగు చూసే పాలు సరిపోయాయో లేదో చెప్పేస్తుంది. ఎవరైనా జీతమిస్తున్నారా?” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. తల్లికి జీతం లేకపోవడం కూడా ఆయనకొక గొప్పే. ఆమె టిఫిన్ డబ్బా ఆయన చేతికిచ్చి, అత్తగారి మాత్రలు తీసిపెట్టి, బస్సెక్కింది.

నీళ్ళ పరీక్షశాలలో పద్నాలుగేళ్ళుగా ఆమె పని అదే. గాజు గొట్టంలో నీళ్ళు పోసి, పచ్చటి మందు చుక్కలు వేసి ఊపాలి. నీళ్ళలో సీసం ఉంటే మందు ఎర్రబడుతుంది, లేకపోతే పచ్చగానే ఉంటుంది. మందు పాళ్ళు కుదిర్చింది ఆమె. మందు పెట్టె మీద పేరు మాత్రం పరీక్షశాల పెద్దసారుది. ఆ పెద్దసారుకి పుట్టుకతోనే పచ్చకీ ఎరుపుకీ తేడా తెలియదు. ఆ సంగతి బయటపడకుండా, ఎవరైనా వచ్చినప్పుడు ఆమె ఆయన వెనక నిలబడి, ఎర్రబడితే ఒకసారి దగ్గాలి. దగ్గు వినబడగానే ఆయన గంభీరంగా “ఊఁ, సీసం ఉంది” అని తీర్పు చెప్పేవాడు. కంటిలోపం ఉన్నందుకు ఆమె ఆయన్ని ఏనాడూ చులకన చేయలేదు. దాన్ని దాచుకోవడానికి తనలాంటి నిలువెత్తు మనిషిని దగ్గుగా మార్చుకున్నందుకు మాత్రం లోలోపల చీదరించుకునేది.

ఆ రోజు ఒక బడి నీళ్ళు వచ్చాయి. వెంట హెడ్మిస్ట్రెస్, ఇద్దరు అధికారులు.

“ఈ మందు ఎవరు కనిపెట్టారండీ?” అంది హెడ్మిస్ట్రెస్.

“నేనే. ఈ అమ్మాయి సీసాలు కడుగుతుంది.”

నలభై మూడేళ్ళ అమ్మాయి! ఇంట్లో ఆయనకి కళ్ళెదుట ఉన్న కళ్ళజోడు కనపడదు, ఇక్కడ ఈయనకి ఎరుపు కనపడదు. ఇద్దరికీ చూసిపెట్టేది తను. ఇద్దరికీ కనపడనిదీ తనే. ఆమె బడి నీళ్ళలో చుక్కలు వేసి ఊపి, గొట్టం పెద్దసారు చేతికిచ్చి, వెనక నిలబడింది.

గొట్టంలో మందు దానిమ్మ గింజలా ఎర్రబడింది. గొంతు దాకా వచ్చిన దగ్గును ఆమె మింగేసింది. పెద్దసారు చెవి రిక్కించాడు. తనే ఒకసారి దగ్గి గుర్తుచేశాడు. ఆమె వినయంగా మంచినీళ్ళ గ్లాసు అందించింది.

చేసేదిలేక గొట్టం పైకెత్తి పట్టుకున్నాడు. “చూడండి, ఎంత పచ్చగా ఉందో! శుభ్రమైన నీళ్ళు.”

హెడ్మిస్ట్రెస్ గొట్టం వంకా, ఆయన వంకా చూసింది. “అంత ఎర్రగా ఉంటే పచ్చగా ఉందంటారేంటండీ? పిల్లలు తాగే నీళ్ళండీ అవి!”

అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె ముందుకొచ్చింది. “సీసం ఉందండీ. ముందు బడికి ఫోన్ చేసి కుళాయిలు కట్టేయించండి. మీ ఎదురుగానే మళ్ళీ చేసి చూపిస్తాను.”

రెండో గొట్టమూ ఎర్రబడింది. ఆమె బల్ల దగ్గర కూర్చుని నివేదిక రాస్తుంటే పెద్దసారు పక్కకొచ్చి, పళ్ళు బిగపట్టి, “ఒక్కసారి దగ్గితే నీ సొమ్మేం పోయేది? ఇటివ్వు, సంతకం పెట్టాలి” అన్నాడు.

ఆమె ‘పరీక్షించినవారు’ అన్నచోట తన పూర్తిపేరు రాసి, సంతకం చేసి, కాగితాన్ని ఆయన చాచిన చేతిని దాటించి హెడ్మిస్ట్రెస్‌కి అందించింది.

“చూసినవాళ్ళు పెట్టాలి సార్, సంతకం.”