రొట్టెల పెంకకు బొక్క

సారమ్మ ఇంట్లో రొట్టెలు కాల్చే మట్టి పెంక ఒక్కటంటే ఒక్కటే ఉండేది. దానికి నడిమధ్యన మేకుతో బొక్క కొట్టిందని తెలిసి ఎంకపల్లిలో ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. వేసుకోరా మరి! జొన్నరొట్టె లేనిదే పొద్దు గడవని ఇల్లది. కానీ సారమ్మకు మతి చెడలేదు. సంగతి మొదటినుంచీ చెప్తే మీరే ఒప్పుకుంటారు.

మొయినాబాదులో క్రైస్తవ మిషను వాళ్ల చిన్న దవాఖాన ఉండేది. సారమ్మ అందులో ఆయా. నర్సు ప్రేమమ్మది బాపట్ల వైపు. నోరు కరుకు, మనసు వెన్న. సారమ్మ కాన్పులో రక్తం పోయి కళ్లు తేలేస్తే, జీపులో పట్నం తీసుకుపోయి, తన రక్తమే ఇచ్చి తల్లినీ బిడ్డనూ బతికించుకొచ్చింది. అంత మేలుకు బదులుగా ఏమివ్వాలో సారమ్మకు ఎన్నడూ తోచలేదు. ఏమిచ్చినా ప్రేమమ్మ పుచ్చుకునే రకమూ కాదు.

అంతలో అరవై తొమ్మిది వచ్చింది, దానితోపాటే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. బడులు మూతపడ్డాయి, బస్సు వస్తే వచ్చినట్టు లేకుంటే లేనట్టు. చేవెళ్లలో రోజూ సభే. సారమ్మ మొగుడు స్వామిదాసు పగలు జామతోటలో పని, సాయంత్రం ఊరేగింపులో ముందు వరస. మా కొలువులు మాకు కావాలని అడగడంలో తప్పేమీ లేదు, సారమ్మకూ ఆ మాట నచ్చేది. కానీ ఒకనాడు దవాఖాన గోడ మీద ఆంధ్రోళ్లు వాపసు పోవాలని ఎవరో బొగ్గుతో రాశారు. మర్నాడే ప్రేమమ్మ బట్టల ఇనపపెట్టె దవాఖాన గదిలోనే వదిలేసి చేతిసంచితో బస్సెక్కింది.

ఎక్కేముందు రెండు ఆర్కిడ్ కుండీలు సారమ్మ చేతిలో పెట్టింది. చదువుకునే రోజుల్లో ఒక దొరసాని ఇచ్చిన మొక్కలవి, ఆమెకున్న ముచ్చటల్లా అవే. చెరుకులా కణుపులున్నది డెండ్రోబియం అనీ, ఆవు నాలుకలా దళసరి ఆకులున్నది ఫెలనాప్సిస్ అనీ చెప్పింది. ఆ పేర్లు సారమ్మకు నోరు తిరుగుతాయా? ఒకటి చెరుకుది, ఒకటి నాలుకది, అంతే. వీటిని బతికించి సిస్టరమ్మ చేతికి తిరిగి ఇవ్వాలి, అదొక్కటే ఆమె పట్టుదల.

ఆ పట్టుదలే కొంప ముంచింది. వానాకాలమని చూడకుండా నారుమడికి పెట్టినట్టు రెండుపూటలా నీళ్లు పెట్టింది. నాలుకది మొదలంటా కుళ్లిపోయింది. సారమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చెరుకుది కూడా పసుపెక్కింది. పైగా దాని చివరి కణుపు మీద వేరే ఏదో మొలిచింది, రెండు బుల్లి ఆకులు, గాలిలో వేలాడే తెల్ల పోగులు.

స్వామిదాసు చూసి అది బదనిక అన్నాడు. మామిడి కొమ్మ మీద మొలిచి చెట్టు రసం పీల్చే బదనికను అతను ఏటా కోసి పారేస్తాడు, ఆ లెక్కన దీన్నీ తీసెయ్యమన్నాడు. పైగా ఆంధ్రామె చెట్టుకు ఇంత తిప్పలెందుకని ఒక మాట జారాడు. సారమ్మ చీపురు పక్కన పెట్టి నిమ్మళంగా అడిగింది.

"నా ఒంట్ల పారేది గూడ ఆమె రక్తమే గద. మరి నన్నెప్పుడు కోసి పారేస్తవ్?"

స్వామిదాసే కార్డు తెచ్చి, ఆమె చెప్పినట్టు ప్రేమమ్మకు రాసి పెట్టాడు. మూడు వారాలకు జవాబొచ్చింది. అది జబ్బూ కాదు, బదనికా కాదు, పిల్ల. తల్లి తాను పోతానని తెలిస్తే ఒక్కోసారి అలా పిల్లను వేస్తుంది. వేళ్లు రెండంగుళాలు సాగేదాకా తల్లి మీదే ఉంచు. తర్వాత కోసి, పెంకుల్లో బొగ్గు ముక్కలు వేసి పెట్టు. మట్టి మాత్రం వెయ్యకు, నీరు నిలవనియ్యకు.

పెంకుల్లో! సారమ్మకు పెంకంటే ఒక్కటే అర్థం. వేలితో కొలిచి కొలిచి, వేళ్లు రెండంగుళాలయ్యాక పిల్లను కోసింది. రొట్టెల పెంక కడిగింది. నీరు నిలవొద్దన్నారుగా, మేకు పెట్టి బొక్క కొట్టింది. బొగ్గు పరిచి, పిల్లను కూర్చోబెట్టి, పెంకను నారతాళ్లతో చూరుకు వేలాడదీసింది. పొద్దుటెండ తగలాలి, నడినెత్తి ఎండ తగలొద్దు. వేళ్లు తెల్లబడ్డాకే నీళ్లు చిలకరించాలి. ఈసారి చెయ్యి అదుపులో పెట్టుకుంది. స్వామిదాసు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. కొత్త పెంక కొనేదాకా పక్కింటి బీరమ్మ పొయ్యి మీదే రొట్టెలు కాల్చుకున్నారు.

డెబ్బై చివర్లో, గొడవలు సద్దుమణిగాక, ప్రేమమ్మ వచ్చింది. ఉండడానికి కాదు. దవాఖానలో నర్సు చోటు ఖాళీగానే ఉన్నా, పెట్టె తీసుకుని పోదామనే వచ్చింది. పెట్టెను స్వామిదాసు సైకిలుకు కట్టాడు. బస్సు వేళకు ఇంకా టైముందని ఆమె ఎంకపల్లి దాకా నడిచింది.

సారమ్మ ముందు నాలుకది పోయిన సంగతి చెప్పి తల వంచుకుంది. తర్వాత చూరు కిందికి తీసుకుపోయింది. పెంక నిండా లావెక్కిన చెరుకు కాడలు, ఒకదాని కొసన నాలుగు మొగ్గలు. ప్రేమమ్మ మొగ్గల్ని చూసింది, పెంకను చూసింది, కింద బొక్కలో వేలు పెట్టి చూసింది.

"ఇదేంటి సారమ్మా, రొట్టెల పెనం కాదూ?"

"నువ్వే గద సిస్టరమ్మ పెంకల పెట్టమని రాసినవ్."

ప్రేమమ్మకు అర్థమయ్యేసరికి కాస్త టైము పట్టింది. పెంకులంటే పగిలిన కుండ ముక్కలమ్మా అని చెప్తూ నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే పైటతో కళ్లు ఒత్తుకుంది. మరి రొట్టెలెట్లా అని అడిగింది. బీరమ్మ పొయ్యి సంగతి విని అరుగు మీద కూలబడింది.

సారమ్మ తాళ్లు విప్పబోయింది. తీసుకుపో సిస్టరమ్మ, నీ పిల్లను నీకు ముట్టజెప్పిన, నాకిప్పుడు పానం నిమ్మళమైంది అంది. ప్రేమమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. మొగ్గ మీదున్నదాన్ని కదిలిస్తే మొగ్గలు రాలిపోతాయి. బస్సులో అంత దూరం అసలే కుదరదు.

"మరెట్ల?"

ప్రేమమ్మ వాకిట్లో సైకిలు పట్టుకు నిలబడ్డ స్వామిదాసు వైపు తిరిగింది. పెట్టెను మళ్లీ గదిలో పెట్టమనీ, సోమవారం డ్యూటీకి వస్తున్నట్టు డాక్టరుగారికి చెప్పమనీ అంది. అతను వెంటనే మొయినాబాదు దారిన సైకిలు తిప్పాడు.

"ఏడాదిన్నర నుంచీ ఇది నన్ను వెళ్లగొట్టిన ఊరనే అనుకుంటున్నాను సారమ్మా," అంది ప్రేమమ్మ. "నా మొక్క కోసం రొట్టెలకు పక్కింటికి పోయిన ఇల్లొకటి ఇక్కడే ఉందని నాకెవరూ చెప్పలేదు."

సారమ్మ లోపలికి పోయి పిండి కలిపింది.