కొసరు

సల్తేన్యాని, అంటే మాంసం పులుసు నింపి కాల్చిన కజ్జికాయని, తల వంచి కొరకాలి. నిటారుగా నిలబడి కొరికితే లోపలి పులుసంతా చొక్కా మీదకే. ఎర్లాన్‌కి ఇది తెలియని సంగతేం కాదు. అయినా ఆ పొద్దున లాపాజ్‌లో కొట్టు ముందు నిలబడి, వాగుతూ కొరికాడు. పులుసు మోచేతి దాకా కారింది.

"కార్చినోడే అందరికీ డబ్బులిచ్చుకోవాలి," అన్నాడు నెఫ్తాలీ.

"ఇస్తాలే. ఎంగిలి చేత్తో కాకిని తోలనోడివి, నీ చేత ఎటూ పెట్టించలేం."

వాళ్ళు ముగ్గురు. సాంతాక్రూజ్ దగ్గర చక్కెర మిల్లులో కలిసి పనిచేసి, ఆ ఏడే పని మానుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక కింద మైదానం దాటింది లేదు, కొండల మీద మన దేశం ఎలా ఉంటుందో చూసొద్దాం అని బయల్దేరారు. ముగ్గురిలో రొసెందో పిరికివాడు. ఆ మాట మిగతా ఇద్దరూ అంటారు, అతనూ కాదనడు. మిల్లులో ఆవిరి ఎక్కడన్నా బుస్సుమంటే అందరికన్నా ముందు గేటు బయట ఉండేది అతనే.

పై ఊరి సంతకి రోప్‌వేలో వెళ్ళారు. రొసెందో మోకాళ్ళు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఒరేయ్, ఇల్లిమాని కొండ మీద మంచు చూడరా. దీనికోసమే కదా వచ్చింది," అన్నాడు ఎర్లాన్.

"నువ్వు చూసి చెప్పు. నేను నమ్ముతాను."

పైన దిగాక గాలి పల్చబడి నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. సంత అంటే వీధుల కొద్దీ, కనుచూపు మేర గుడారాలే. సందు మొదట్లో కరెంటు స్తంభానికి ఓ బొమ్మ వేలాడుతోంది. పాత ప్యాంటు, చొక్కా, లోపల గడ్డి, మెడకి ఉరి. కింద అట్టముక్క మీద రాసి ఉంది: దొంగ దొరికితే పోలీసుల దాకా పోము.

"నీ బొమ్మేరా ఇది. పొట్ట చూడు, నీదే," అన్నాడు ఎర్లాన్ రొసెందోతో.

నెఫ్తాలీ నవ్వాడు. రొసెందోకి నవ్వు రాలేదు. అప్పట్నుంచీ చేతులు రెండూ వెనక్కి కట్టుకునే నడిచాడు. ఏ కొట్లోనూ ఏ వస్తువునీ ముట్టుకోలేదు.

ఎర్లాన్ దుప్పట్ల దగ్గర ఆగాడు. అమ్మేది దోన్యా ఇలారియా అనే ముసలావిడ. నెత్తిన గుండ్రటి టోపీ, చుట్టూ ఉన్ని గుట్టలు.

"రెండూ కలిపి చెప్పు కసేరా. ఇంత అందమైనదానివి, అబద్ధం చెప్పవుగా," అన్నాడు. సంతలో అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకరినొకరు కసేరా, కసేరో అనే పిలుచుకుంటారు, వాడుక మనిషి అని.

"నా అందం మా ఆయనకే కనపడలేదు, నువ్వు మైదానం నుంచి వచ్చి చెప్పాలా. నా ముఖం కాదు నాయనా, ఉన్ని చూడు."

బేరం తెగింది. ఆవిడ దుప్పట్లు మడిచి తాడేసి కట్టి ఇచ్చింది. "మళ్ళీ రా కసేరో. నేను పోయి ఇంత సూపు తాగొస్తా, కాళ్ళు చల్లబడిపోయాయి," అని పక్క కొట్టామెకి ఓ కన్నేసి ఉంచమని చెప్పి లేచి వెళ్ళిపోయింది.

ఎర్లాన్ రెండడుగులు వేసి ఆగాడు. "కొసరు మర్చిపోయింది," అన్నాడు.

సాంతాక్రూజ్‌లో కొసరు కొన్నవాడే తీసుకుంటాడు. పళ్ళు కొంటే ఇంకో పండు తీసి సంచిలో వేసుకోవాలి, అమ్మేది ఉత్తుత్తినే కసురుకోవాలి. అది ఆటలాంటిది. ఆ అలవాటు కొద్దీ ఎర్లాన్ గుట్ట అంచు నుంచి పసిపిల్లల టోపీ ఒకటి తీసి, మనవరాలికి సరిపోతుందని చూసుకుని సంచిలో వేసుకున్నాడు. గుట్టలు రెండూ ఆనుకుని ఉన్నాయి. ఆ అంచు పక్క కొట్టామెది.

ఈల మోగింది.

ఒక్క ఈల కాదు. ఆమె ఊదింది, ఎదురు కొట్టువాడు ఊదాడు, ఆ పై సందులో ఊదారు. కొట్టు కొట్టుకీ మెడలో ఈల ఉంటుందని రొసెందోకి అప్పుడే తెలిసింది. అతను నాలుగు కొట్ల అవతల, తాళ్ళు అమ్మేవాడి దగ్గర ఉన్నాడు. తిరిగి చూసేసరికి ఎర్లాన్ చుట్టూ జనం మూగారు.

"కొసరు తల్లీ, కొసరు," అని నవ్వుతున్నాడు ఎర్లాన్. ఆ నవ్వే కొంప ముంచింది.

"నవ్వుతున్నాడు చూడు. మన సొమ్ము మైదానపోళ్ళకి నవ్వులాటగా ఉంది."

"పొద్దున నా కొట్లో రెండు శాలువాలు పోయినై. వీడే అయ్యుంటాడు."

"చెప్పులూ చొక్కా ఊడదీయండి ముందు. అప్పుడు పరిగెత్తలేడు."

ఎవరో చెంప మీద కొట్టారు. నవ్వు ఆగిపోయింది. ఇంకెవరో తాళ్ళ కొట్టువాణ్ణి కేకేశారు. రొసెందో పక్కనే నిలబడ్డ ఆ మనిషి, లావుపాటి తాడు చుట్ట తీసి, ఏ కూరగాయలో అందించినట్టు అందించాడు.

నెఫ్తాలీ రొసెందో మోచెయ్యి పట్టుకున్నాడు. పెదాలు కదలకుండా, "పదరా. మనం వాడితో వచ్చినట్టు ఇంకా ఎవరూ చూళ్ళేదు. నేను కిందకి పోయి పోలీసుల్ని తెస్తా," అన్నాడు. తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

రొసెందో కాళ్ళు కదల్లేదు. వాడు దొంగ కాదు, మా వాడు అని చెప్పాలి. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. చెప్పినా ఎవరు నమ్ముతారు, తనూ మైదానం వాడే. దుప్పట్లు అమ్మిన ఆవిడొక్కతే చెప్పగలదు. ఆవిడేమో సూపుకి పోయింది.

జనం భుజాల మధ్య నుంచి ఎర్లాన్ ముఖం కనపడింది. చొక్కా లేదు. చెవి దగ్గర రక్తం. ఎర్లాన్ ఇతన్ని చూశాడు, కానీ పిలవలేదు. రొసెందో వెనక్కి తిరిగి నడిచాడు.

సందు చివర దారి చీలుతుంది. ఎడమ వైపు రోప్‌వే. నెఫ్తాలీ వీపు అప్పటికే అటు దూరంగా కనపడుతోంది. కుడి వైపు తిండి గుడారాలు, పొగ. వెనక కేకలు పెరిగాయి. రొసెందో అక్కడ నిలబడిపోయాడు. ఎడమ వైపుకి రెండడుగులు వేశాడు కూడా. తర్వాత ఎలా తిరిగాడో, కుడి వైపు పరిగెడుతున్నాడు, ఊపిరందక నోరు తెరుచుకుని, అన్నీ ఒకేలా ఉన్న టోపీల కింద ముఖాలు వెతుక్కుంటూ.

దోన్యా ఇలారియా నాలుగో గుడారంలో బల్ల మీద కూర్చుని ఉంది.

"అమ్మా. మా వాణ్ణి చంపేస్తున్నారు."

"ఎవర్నీ?"

"రెండు దుప్పట్లు కొన్నాడే, అతన్ని. కొసరు తీసుకున్నాడు. తన చేత్తో."

ఆవిడ చెంచా ఆపింది. "ఎవరి గుట్టలోంచి?"

"పక్కామె గుట్టలోంచి. తెలీక."

"వెర్రి నాగన్న," అంటూ ఆవిడ లేచింది. లేవడానికే ఎంతసేపో పట్టినట్టయింది రొసెందోకి. నడక ఇంకా నెమ్మది. చెయ్యి పట్టుకుని లాగబోతే విదిలించుకుంది. "నన్ను ఈడిస్తే నేనూ ఈల వేస్తా."

వాళ్ళు వెళ్ళేసరికి ఎర్లాన్‌ని స్తంభానికి కట్టేశారు. ఒకతని చేతిలో కిరసనాయిలు సీసా ఉంది, మూత ఇంకా తీయలేదు. రొసెందో ఆ మూత వైపే చూస్తూ జనంలోకి దూరాడు. "వీడూ వాడితోనే వచ్చాడు," అని ఎవరో అంటే, "అవును, నేను వాడితోనే వచ్చాను," అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదో గొంతులా వినిపించింది.

దోన్యా ఇలారియాకి దారి ఇచ్చారు.

"నా దగ్గర రెండు దుప్పట్లు కొన్నాడు. అడిగినంతా ఇచ్చాడు, అదీ వీడి తెలివి. దొంగైతే ఇంత మూట నెత్తిన పెట్టుకుని నత్తలా నడుస్తాడా?"

"చేత్తో తీశాడు కదక్కా," అంది పక్క కొట్టామె.

"తీశాడు. కొసరు మనం ఇవ్వాలని వాళ్ళమ్మ నేర్పలేదు. దానికి మనిషిని కాలుస్తారా? నీ టోపీ నువ్వు తీసుకో." ఆవిడే ఎర్లాన్ సంచిలో చెయ్యి పెట్టి టోపీ తీసి ఇచ్చేసింది. అతని వైపు తిరిగి, "నీకు కొసరు లేదు, ఏం లేదు. పో," అంది.

సీసా పట్టుకున్నవాడు మూత తీయకుండానే ఎటో వెళ్ళిపోయాడు. కట్టినవాళ్ళెవరూ విప్పలేదు. రొసెందోనే విప్పాడు. ముడి ఎంతకీ రాలేదు.

ఇద్దరూ రోప్‌వే వైపు నడిచారు. ఎర్లాన్ దుప్పటి ఒకటి విప్పి ఒంటి మీద కప్పుకున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నువ్వు వెనక్కి తిరగడం చూశానురా," అన్నాడు చివరికి. "ఆవిడ కోసమే పోతున్నావని నాకు తెలుసు."

"నాకు తెలీదు," అన్నాడు రొసెందో. "ఆ సందు చివరిదాకా నాకు తెలీదు."

కొంతదూరం పోయాక ఎర్లాన్ మిగిలిన దుప్పటి మూట తాడు ఒక కొసని అతని వైపు చాచాడు. రొసెందో అందుకున్నాడు.