చదును చేయని ఇసుక

కొండమీద గడ్డి ఎండిపోగానే జింకలు నది వైపు దిగుతాయి. మధ్యలో పెద్ద రోడ్డు, రోడ్డు పొడవునా కంచె, కంచెకు ఒకే ఒక్క గేటు. అవి దిగే వారం రోజులూ వాహనాలను దారి మళ్లించి గేటు తెరిచి ఉంచుతారు. గేటు ముందు పరిచిన ఇసుకలో అడుగులు చూసి, ఎన్ని దాటాయో చెప్పడం లెక్కల మామయ్య పని. కొండమీద ముందే లెక్కిస్తే తేలిన జింకలు నాలుగు వందలు. అన్నీ దాటాయని ఆయన అంటేనే గేటు మూస్తారు. ఇరవై ఏళ్లుగా ఆయన మాటకు తిరుగులేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆయనే చెబుతాడు.

ఉదయం అడుగులు లెక్కపెట్టాలి, సాయంత్రం ఇసుక చదును చేయాలి. మూడో సాయంత్రం ఆయన చదును చేయలేదు. నడుం నొప్పి అని సరిపెట్టుకుందామన్నా నడుం నిక్షేపంగా ఉంది. టీ కొట్టు దగ్గర చదరంగంలో గెలుస్తున్నాడు, లేవబుద్ధి కాలేదు, అంతే. మర్నాడు చూస్తే ఏవి నిన్నటి అడుగులో, ఏవి కొత్తవో తెలిసి చావలేదు. అన్నీ కొత్తవే అనుకుంటే మొత్తం నాలుగు వందలకు అతికినట్టు సరిపోయింది. రాసేశాడు. గేటు మూసేయమన్నాడు.

గేటు చూసుకునేది ఆయన మేనకోడలే. కాళ్లరిగేలా తిరిగి ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్ చేసింది.

"మామయ్యా, కంచె అవతల, కొండవైపు ఇంకా జింకలున్నాయి. కూనలు కూడా ఉన్నాయి."

తన లెక్క తప్పిందని ఆయనకు అర్థమైంది. "అవి ఇక్కడివేనే. ఎక్కడికీ పోవు," అన్నాడు.

"అంతేనా? హమ్మయ్య," అంది.

ఆ హమ్మయ్య తర్వాత ఆయనకు అన్నం సహించలేదు. అయినా నోరు విప్పలేదు.

మూడు రోజులకు కంచె పక్కన రెండు కూనలు దాహంతో చచ్చి పడి ఉన్నాయి. పై ఆఫీసరమ్మ వచ్చి ఆఫీసు గదిలో మేనకోడలిని నిలబెట్టి దులిపేసింది. "అన్నీ దాటకముందే గేటు ఎందుకు మూశావు?"

"మామయ్య లెక్క తప్పదు మేడమ్. నేనే ఎక్కడో సరిగ్గా చూసుకోలేదేమో," అంది ఆ పిల్ల, కళ్లు తుడుచుకుంటూ.

బీరువా పక్కన నిలబడి ఆయన అంతా విన్నాడు. ఊరుకుంటే గండం గడిచిపోతుందని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"మేడమ్, ఆ సాయంత్రం నేను ఇసుక చదును చేయలేదు. పాత అడుగులే మళ్లీ లెక్కేశాను. దాని తప్పేం లేదు," అన్నాడు.

ఆఫీసరమ్మ ఆయన వంక చూడను కూడా చూడకుండా, గేటు తెరిపించడానికి ఫోన్ అందుకుంది. మేనకోడలు మాత్రం ఆయన వైపు తిరిగింది. తిడితే బాగుండునని సిగ్గుతో తల దించుకుని ఎదురుచూశాడు.

"ఇక్కడివేనన్నావుగా మామయ్యా," అంది. "గేటు దగ్గరికి వచ్చినప్పుడల్లా కర్ర పట్టుకుని తరిమాను. మూడు రోజులూ తరిమాను. కూనల్ని కూడా."