ఖాళీగా వదిలిన గడి

స్కానింగ్ చేస్తుంటే ఎవరైనా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ పెద్దావిడ మాత్రం కూతురి తల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నప్పటి నుంచి నోరు మూయలేదు.

"ఇద్దరూ కనిపిస్తున్నారా తల్లీ?"

"కనిపిస్తున్నారండీ. కాసేపు నన్ను చూసుకోనివ్వండి."

పన్నెండో వారం. రెండు గుండెలూ చక్కగా కొట్టుకుంటున్నాయి. నేను వెతుకుతున్నది పిల్లల మధ్య పొర, వాళ్ళకి రక్తం అందించే మాయను తాకే చోటు. అక్కడ పొర మందంగా, మొదట్లో వెడల్పుగా ఉంటే ఎవరి మాయ వాళ్ళది. సన్నగా, నిటారుగా దిగితే ఇద్దరికీ ఒకటే మాయ. నెలలు గడిచేకొద్దీ ఈ తేడా తెలుసుకోవడం కష్టమవుతుంది.

రెండేళ్ళ కిందట కవలలు కడుపులో ఉన్న ఒకమ్మాయి భర్తతో ఐదో నెలలో వచ్చింది. ఎంత చూసినా తేలలేదు. బయట జనం కిటకిటలాడుతున్నారు. 'మాయలు ఎన్ని' అన్న గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను. తేలలేదన్న ముక్క కూడా రాయలేదు. ఒకే మాయ నుంచి ఒక బిడ్డకు రక్తం ఎక్కువై, మరో బిడ్డకు తక్కువై, ఇద్దరూ దక్కలేదని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఆ గడి నింపనిదే ఎవరినీ బల్ల దిగనివ్వను.

"కాస్త ఎడమకి తిరుగమ్మా. ఒకసారి దగ్గు."

దొరికింది. సన్నటి పొర, నిటారుగా.

"ఇద్దరికీ ఒకటే మాయండీ."

"ఒకే కంచంలో తింటున్నారన్నమాట! పోట్లాడుకోరు కదా?" అంది పెద్దావిడ. కూతురు పకపకా నవ్వింది.

"ఒకరు ఎక్కువ లాగేసుకోవచ్చు. అందుకే పదహారో వారం నుంచి రెండు వారాలకోసారి రావాలి. తేడా వస్తే ముందే పట్టుకుంటాం. వైద్యం ఉంది."

పెద్దావిడ సంచిలోంచి మడతలు నలిగిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. పాత రిపోర్టు. కింద సంతకం నాది. ఖాళీ గడి కూడా నాదే.

"మా పెద్దమ్మాయిది," అంది.

"తప్పు నాదేనండీ."

"తెలుసు. మొదట్లో వచ్చి నీ జుట్టు పట్టుకుందామనుకున్నా."

"మరి చిన్నమ్మాయిని నా దగ్గరికే ఎందుకు తెచ్చారు?"

"కవలలైతే ఎంతసేపైనా వదలవట కదా. బయట అందరూ విసుక్కుంటున్నారు. ఆ మాట విని, వేరే చోటికి పోకుండా ఇక్కడే కూర్చున్నా."

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆవిడ కూతురి పొట్ట మీది జెల్ తుడిచి, ఇంకో కాగితపు రుమాలు నాకిచ్చింది.

"ఏడుద్దువుగానిలే. ముందు ఆ గడి నింపు తల్లీ, నేను చూస్తుండగా."

నింపాను. ఒకటి.