పాత తలుపుకు బిగించిన స్పీకర్

దివాకర్ ఆత్మకూర్‌లో పెళ్ళిళ్ళకు గిటార్ వాయించేవాడు. బజారులో దొరికే ఆంప్లిఫయర్ పెట్టెలు అతనికి నచ్చలేదు. తీగ మీటితే రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది శబ్దం. ఆ ఏడు మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిన రోజుల్లో, పెట్టె తానే చేసుకుందామని కూర్చున్నాడు. వడ్రంగం చేసే స్నేహితుడు ఇమ్రాన్ సాయానికొచ్చాడు.

పక్కలకూ వెనక్కూ ప్లైవుడ్ సరిపోయింది. ముందు వైపు, స్పీకర్ బిగించే పలకకు మాత్రం గట్టి చెక్క కావాలన్నాడు ఇమ్రాన్. దివాకర్‌కు అటుక మీదున్న పాత టేకు తలుపు రెక్క గుర్తొచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచి అది అక్కడే ఉంది. దాని మీద చింతపండు కుండలు పెట్టేవారు.

"అవ్వనడిగినవా?" అన్నాడు ఇమ్రాన్.

"చేన్కాడికి పోయింది. వచ్చినంక చెప్త."

రంపం దిగుతుంటే చెక్కలోంచి తడి మన్ను వాసన వచ్చింది. ఇమ్రాన్ పొట్టు చేతిలోకి తీసుకుని చూశాడు. పొడిగానే ఉంది.

"గిన్నేండ్లు ఎండిన చెక్క, గీ వాసనేందిరా?" అన్నాడు.

గుండ్రంగా గీత గీసి, మిషన్ రంపంతో రంధ్రం కోశారు. స్పీకర్ అంచు కింద స్పాంజి పట్టీ అంటించారు. బోల్టులు ఒకే పక్క బిగిస్తే చట్రం వంగుతుందని ఎదురెదురువి కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ వచ్చారు. దివాకర్ వైర్లు అతికించి, గిటార్ తగిలించి, లావు తీగ మీటాడు. గదంతా నిండిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

ఆ శబ్దం పూర్తిగా ఆగాక పెట్టెలోంచి టక్, టక్, టక్ అని వినిపించింది.

"బోల్ట్ లూజున్నది," అన్నాడు దివాకర్. మళ్ళీ బిగించారు. మళ్ళీ అదే. స్పీకర్ విప్పి స్పాంజి మార్చి బిగించారు. అయినా అదే. గిటార్ తీసేశారు. చివరికి ప్లగ్గే పీకేశారు. కాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత మళ్ళీ మొదలైంది, ఈసారి నెమ్మదిగా, కొట్టీ కొట్టీ అలసిన చెయ్యి కొట్టినట్టు.

ఇమ్రాన్ గోడదాకా జరిగాడు. "యా అల్లా. కరెంటే లేదు గదరా!"

అప్పుడే అవ్వ నర్సింగమ్మ చేను నుంచి వచ్చి గంప దించింది. "ఎవరో తలుపు కొడ్తున్నరు. ఇనవడ్తలేదా మీకు?" అంటూ వెళ్ళి పెరటి తలుపు తీసింది. ఎవరూ లేరు. తిరిగొచ్చి గది గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చూపు పెట్టె ముందు పలక మీద, ఎప్పటివో పసుపు మరకల దగ్గర నిలిచింది.

"గిది మా బాపు తలుపు," అంది.

"అటుక మీద ఊకెనే ఉన్నదని కోసిన అవ్వా."

ఆమె కోప్పడలేదు. మెల్లగా కింద కూర్చుంది.

"కృష్ణల మునిగిన మా ఊరింటి తలుపు బిడ్డా. అప్పటికి నాకింకా పెండ్లి గాలే. డ్యాం నీళ్ళొస్తున్నయని సర్కారోళ్ళు లారీలు పంపితే సామానేసుకుని, తాళమేసి పోయినం. మా అక్క గుర్వమ్మ అవతలి ఒడ్డున అత్తగారింట్ల ఉండె. కబురు పంపినం. అందలేదో ఏమో, మమ్ముల చూద్దామని వచ్చిందంట. మేం పోయిన తెల్లారి ఊరి తొవ్వల పోతుంటే గొర్లకాపర్లు చూసిండ్రు. మల్ల ఎవ్వరికీ కనవడలే."

"మరి తలుపు ఎట్లొచ్చింది?"

"అక్కను దేవులాడనీకె బాపు పుట్టెక్కి నీళ్ళల్ల పోయిండు. ఒట్టి తలుపు పట్టుకొచ్చిండు. గీ ఇంటికి పెడ్తనన్నడు. ఒక్క రాత్రి గోడకానిచ్చి పండుకున్నడు. తెల్లారంగనే అటుక మీదికెక్కిచ్చిండు. ఎందుకే అంటే సచ్చేదాంక చెప్పలే."

పెట్టె మళ్ళీ టక్, టక్ అంది. దివాకర్ పానా అందుకున్నాడు.

"విప్పేస్త అవ్వా. పొయ్యిల పెడ్త."

"పొయ్యిల పెడ్తవా? ఇన్నేండ్లు బయట నిలవడ్డది సాలదా?"

నర్సింగమ్మ పెట్టె దగ్గరికి జరిగి, స్పీకర్ పక్కన చెక్క మీద అరచెయ్యి ఆనించింది. మూసిన తలుపుకు అవతలున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అక్కా, నేను సిన్నిని. తాళమేసింది మేమే. నువ్వొస్తవని తెల్వదే. కోపం జెయ్యకు. తలుపు తీసే ఉన్నది, లోపలికి రా."

స్పీకర్ నల్లటి కాగితం మెల్లగా లోపలికి కుంగింది. ఎవరో ఊపిరి పీల్చినట్టు అలాగే ఆగి, మళ్ళీ బయటికొచ్చింది. పీకిన ప్లగ్గు కింద ఊరికే పడి ఉంది. ఇమ్రాన్ కూడా చూశాడు. పనిముట్లు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. మర్నాడు వాళ్ళ తమ్ముడొచ్చి తీసుకుపోయాడు. ఆ సంగతి దివాకర్, ఇమ్రాన్ మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత చప్పుడు రాలేదు. మూఢం పోయింది, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఆ పెట్టె శబ్దం విని, ఎక్కడ కొన్నావని బ్యాండువాళ్ళు అడిగేవారు. చేయించానని చెప్పి మాట మార్చేవాడు దివాకర్. పాటకూ పాటకూ మధ్య మాత్రం చెయ్యి తీగల మీద పెట్టి వింటూ ఉండేవాడు.

ఇంట్లో ఉన్నప్పుడు పెట్టె నర్సింగమ్మ మంచం పక్కనే ఉండాలి. మధ్యాహ్నాలు దాని ముందు కూర్చుని పల్లికాయ ఒలిచేది. ఒలుస్తూ ఏదో మాట్లాడేది. ఎవరైనా వస్తే ఆపేసేది.

కోస్గిలో పెళ్ళి వాయించి ఒక పొద్దున పెట్టె మోసుకుంటూ ఇంటికొచ్చాడు దివాకర్. నర్సింగమ్మ వాకిట్లో నిలబడి ఎదురు చూస్తోంది.

"అన్నం తిన్నవా?" అంది.

అతను నోరు తెరిచేలోపే, భుజం మీది పెట్టెలోంచి సన్నగా ఓ ఆడగొంతు "ఊఁ" అంది.

నర్సింగమ్మ తల ఊపింది. దివాకర్ పెట్టెను పదిలంగా మంచం పక్కన దించి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. వెనక అవ్వ మెల్లగా అడుగుతోంది, ఆ ఊళ్ళో పెళ్ళికూతురు ఎట్లుందని.